బతికున్నావిడ ఎక్స్‌రే

3వ తేదీ, సోమవారం

కాగితాలన్నీ మంచం మీద పరిచి మూడు కవర్లలో సర్దాను. నావొకటి, పిల్లవొకటి, మా ఆయన పైదేశం నుంచి పంపినవొకటి. పాస్‌పోర్టులు, పుట్టిన తేదీ సర్టిఫికెట్లు, మా పెళ్ళి రిజిస్ట్రేషన్, పోలీసుల దగ్గర తెచ్చినది, ఆయన జీతం తాలూకు కాగితాలు. తెల్లతెర ముందు తీయించుకున్న ఫోటోలో నేను దొంగతనం చేస్తూ దొరికిపోయినదానిలా ఉన్నాను. పిల్ల చూసి, నీకు వీసా ఇవ్వరమ్మా, బేడీలు వేస్తారు అని పడీ పడీ నవ్వింది.

విడాకుల తీర్పు మాత్రం ఏ కవర్లోనూ పెట్టలేదు. అది బీరువాలో నా బట్టల అడుగున ఉంది. ఇంటర్వ్యూ రోజు పొద్దున తీసి పెడతాను. అక్కడ ఆఫీసరు ముందుండే అద్దం కింద సందులోంచి కాగితం అటు జారిపోవడానికి ఎంతసేపు? పక్కన నిలబడ్డ పిల్ల చదివేలోపే వెళ్ళిపోతుంది.

అత్తయ్య గుమ్మంలో నిలబడి, "ఆ కాగితం దాని కంటబడిందంటే మన ముగ్గురి మొహానా ఉమ్మేస్తుంది" అంది. ముగ్గురంటే తనూ, తన కొడుకూ, నేనూ. ఆ అబద్ధం పుట్టినప్పటికి నేనీ ఇంటి గడపే తొక్కలేదు. అయినా వాటాలు వేసేటప్పుడు ఆవిడ నాకు తక్కువ చెయ్యదు.

4వ తేదీ, మంగళవారం

పిల్ల గదిలో గోడ మీద ఫోటో తుడిచాను. వారం వారం నేనే తుడుస్తాను. బతికున్న మనిషి ఫోటోకి చచ్చినవాళ్ళ మర్యాద చెయ్యడం లోకంలో ఇంకెవరికీ పట్టని పని అనుకుంటా.

ఆయన మొదటి భార్య. పిల్లకి సరిగ్గా మాటలు రాకముందే ఈ ఇంట్లోంచి వెళ్ళిపోయింది. పిల్ల నాన్న దగ్గరే ఉంటుందని కోర్టులో ఒప్పుకుంది. పిల్ల మాటలు నేర్చి మా అమ్మేది అని అడగడం మొదలుపెట్టాక అత్తయ్య ఆమెను చంపేసింది. టీబీ వచ్చి పోయిందే తల్లీ, అంటుకుంటుందని బట్టలు కూడా తగలబెట్టేశాం అని చెప్పింది. బట్టలు ఆమె పెట్టెలో పెట్టుకుని పట్టుకుపోయింది. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు, అత్తయ్య నోట ఆమె ఇప్పుడు మేలిమి బంగారం. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆమెను ఏమని పిలిచేదో ఇరుగుపొరుగు నాకెప్పుడో చెప్పారు.

ఇంటర్వ్యూ అయ్యాక చెప్తాను. అయిన వెంటనే కాదు. అక్కడికి వెళ్ళి, వాళ్ళ నాన్న దగ్గర కాస్త కుదురుకున్నాక.

6వ తేదీ, గురువారం

ఇవాళ మెడికల్. వీసాకి వెళ్ళేవాళ్ళందరూ ఆ ఒక్క డాక్టరు దగ్గరికే వెళ్ళాలి. నేను పనిచేసే కుట్టు కొట్లో మేస్త్రీని సెలవడిగితే, నువ్వు వెళ్ళిపోతే నీ కాజాల మిషను మీద ఎవరు కూర్చుంటారు అని సణిగి ఇచ్చాడు.

ఎత్తు, బరువు, కళ్ళు, చెవులు. గోడ మీద అక్షరాల్లో కింది రెండు వరసలూ నాకు చీమల బారులా కనిపించాయి. టీకాల కార్డులో లేనివి ఇవాళే పొడిచారు. నాకు మూడు, పిల్లకి రెండు. నేను మొహం చిట్లిస్తే పిల్ల నా చెయ్యి పట్టుకుని, అయిపోయిందమ్మా అయిపోయింది, అని ఓదార్చింది. అంతవరకూ మా ఇద్దరికీ అదొక సరదాగానే ఉంది.

తర్వాత డాక్టరు పిల్లనొక్కదాన్నే లోపలికి పిలిచాడు. చాలాసేపు రాలేదు. తర్వాత నన్ను పిలిచాడు. నేను నింపిన ఫారం ఆయన ముందుంది. ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందా అన్నచోట నేను లేదని గీత పెట్టాను.

"అమ్మాయి వాళ్ళమ్మ టీబీతో పోయిందంటోంది. మీరెందుకు రాయలేదు?"

పిల్ల నా పక్కనే కూర్చుంది. అడిగినదానికి జవాబు తెలిసిన ముఖంతో, బుద్ధిగా. మర్చిపోయానండి అన్నాను.

మర్చిపోయానట. ఒక మనిషి చావుని. డాక్టరు ఫారం మీద ఏదో ఎర్రసిరాతో రాసి, పిల్లకి రక్తమూ ఎక్స్‌రే రాశాడు.

7వ తేదీ, శుక్రవారం

ఏమీ ఉండదు. దుక్కలా ఉంది పిల్ల. ఏమీ ఉండదు.

11వ తేదీ, మంగళవారం

పిల్ల రక్తంలో టీబీ ఆనవాలు ఉందన్నాడు డాక్టరు. ఎక్స్‌రేలో కుడివైపు పైన చిన్న మచ్చ ఉందన్నాడు. రక్తంలో చాలామందికి ఉంటుందట, అందరికీ జబ్బు కాదట. మచ్చ కూడా ఎప్పుడో వచ్చిపోయిన జలుబుదే కావచ్చట. కానీ కన్నతల్లి ఆ జబ్బుతోనే పోయిందంటే తను చూస్తూ వదిలెయ్యలేనన్నాడు. మూడు పొద్దులు కఫం ఇవ్వాలి. ఆ తల్లికి వైద్యం చేసిన ఆస్పత్రి కాగితాలు తేవాలి. ఏ మందు ఆమెకు పనిచెయ్యలేదో తెలిస్తేగాని పిల్ల సంగతి తేల్చలేరట. అవి వచ్చేదాకా పిల్ల రిపోర్టు పంపడు. రిపోర్టు లేకపోతే ఇంటర్వ్యూలో పిల్లది పక్కన పెట్టేస్తారు.

పిల్లని మంచినీళ్ళకి పంపి, తలుపు దగ్గరికేసి నిజం చెప్పేశాను. ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"బతికుంటే ఇంకా తేలిక. ఆవిణ్ణి తీసుకురండి, ఇక్కడే ఎక్స్‌రే తీస్తాను. మీరు రెండుసార్లు రెండు మాటలు చెప్పారు కాబట్టి బయట తీసిన ఫిల్ము నాకు చెల్లదు" అన్నాడు.

తేలికట.

12వ తేదీ, బుధవారం

మా ఆయనకి ఫోన్ చేశాను. అంతా విని, అమ్మనడుగు అన్నాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఏ చిక్కు వచ్చినా ఈయన చెప్పేది ఆ ఒక్క మాటే.

అత్తయ్యనడిగాను. చంపిన మనిషి అడ్రసు ఆవిడకి కంఠతా వచ్చు. బస్టాండు వెనక వీధిలో కళ్ళజోళ్ళ కొట్టు, మళ్ళీ పెళ్ళి చేసుకుంది, మొగుడు లావుగా ఉంటాడు, పిల్లల్లేరు, మేడ మీద అద్దెకి ఇచ్చారు. ఇన్నీ చెప్పి, "నేను చెప్పానని మాత్రం చెప్పకు" అంది. ఎవరికి చెప్పకూడదో నాకు అర్థం కాలేదు.

ఇవాళ పొద్దున పిల్ల మొదటి డబ్బా ఇచ్చింది. పళ్ళు తోముకోకుండా, ఏమీ తినకుండా, వరండాలో నిలబడి గొంతు లోపల్నుంచి దగ్గాలి. అసలు దగ్గే లేని పిల్ల. ఎంత దగ్గినా ఉమ్మే వచ్చింది. కళ్ళ నీళ్ళొచ్చేదాకా దగ్గింది. నేను వీపు రాస్తూ నిలబడ్డాను.

14వ తేదీ, శుక్రవారం

మూడో డబ్బా కూడా ఇచ్చేశాం.

పిల్ల తన గ్లాసు వేరే పెట్టుకుంది. కంచం కూడా. తిన్నాక తనే కడిగి కిటికీలో బోర్లిస్తోంది. నేను ఆ గ్లాసుతోనే నీళ్ళు తాగబోతే చేతిలోంచి లాక్కుంది. నా పక్కన పడుకోవడం మానేసింది. పొద్దున జడ వేస్తుంటే, అమ్మకి ఎన్నాళ్ళు పట్టింది అని అడిగింది. ఏది అన్నాను. చావడానికి అంది.

తెలీదన్నాను. ఆ జడ మూడుసార్లు విప్పి మూడుసార్లు అల్లాను, ఒక్కసారీ తిన్నగా రాలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెబితే నా పిల్ల నాకు పోతుంది, చెప్పకపోతే భయంతోనే పోయేలా ఉంది.

అది కాదు, నాకు భయమల్లా రిపోర్టు గురించే. రిపోర్టు వచ్చేస్తే అన్నీ సర్దుకుంటాయి. ఇంటర్వ్యూ అయ్యాక చెప్తాను.

15వ తేదీ, శనివారం

వెళ్ళాను.

ఆ లావాటాయన మంచివాడిలా ఉన్నాడు. నన్ను వెనక గదిలో కూర్చోబెట్టి అద్దాలు మార్చి మార్చి చూపించాడు. నేను సాకు కోసం వెళ్ళాను గాని నా కళ్ళు నిజంగానే పోయాయట. ఏం పని చేస్తారన్నాడు. కాజాలు కుడతానన్నాను. ఇన్నాళ్ళూ దారాన్ని వాసన చూసి ఎక్కించారా అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వుకి నన్ను నేను క్షమించుకోలేను.

ఫ్రేములు చూపించేది ఆమె. ఫోటోలో కంటే చిక్కింది. పిల్ల నుదురు ఈవిడదే, గోడ మీద రోజూ చూస్తున్నా ఇన్నేళ్ళూ నాకు తట్టలేదు. ఆమె నా చెవుల మీద ఫ్రేము ఆనిస్తున్నప్పుడు, పెదాలు కదిలీ కదలకుండా నేనెవర్నో చెప్పాను. ఆమె వేళ్ళు చెవి దగ్గరే ఆగిపోయాయి.

"ఇది మీ మొహానికి పెద్దదవుతుందండీ" అంది, మొగుడికి వినిపించేలా. ఇంకోటి తీసింది.

అలా ఫ్రేము తర్వాత ఫ్రేము పెడుతూ తీస్తూ ఉంటే, ముక్కలు ముక్కలుగా అంతా చెప్పాను. ఆమె చచ్చిపోయిందని, ఏ జబ్బుతో పోయిందని, ఇప్పుడు ఆ జబ్బు పిల్ల మెడకి ఎలా చుట్టుకుందని.

"చంపి ఊరుకున్నారుగా. ఇప్పుడు లేచొచ్చి ఊపిరితిత్తులు చూపించమంటే నేనెక్కణ్ణుంచి లేచి రాను?" అంది గొంతు తగ్గించి. "నేను పిల్లని కన్నానని ఈయనకి తెలీదు."

మా ఇంట్లో ఈమె చచ్చిపోయింది. ఈమె ఇంట్లో నా పిల్ల పుట్టనే లేదు. ఒక్క గంట చాలన్నాను. తల అడ్డంగా ఊపింది. బతిమాలాను. అద్దంలో నా మొహం చూసుకుంటున్నట్టు నటిస్తూ బతిమాలాను. మళ్ళీ ఊపింది.

అప్పుడన్నాను. "మీరు రాకపోతే మీ ఆయన్నే అడిగి తీసుకెళ్తాను."

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. ఎవరి కాపురమూ కూల్చే జాతి కాదు నాది. కానీ అన్నాను, అన్నాక వెనక్కి తీసుకోలేదు. ఆమె నా వంక చూడకుండా ఫ్రేము కాగితంలో చుట్టి, గురువారానికి లెన్సులు వస్తాయండీ అంది. ఆస్పత్రి కార్డు వెనక గురువారం పది గంటలని రాసి, బల్ల మీది అద్దం కింద పెట్టి వచ్చేశాను.

17వ తేదీ, సోమవారం

ఆమె నుంచి కబురు లేదు. పనిలో సూది విరగ్గొట్టాను. మేస్త్రీ, ఒళ్ళు ఇక్కడా మనసు విమానంలోనా అన్నాడు.

18వ తేదీ, మంగళవారం

సాయంత్రం పనినుంచి వచ్చేసరికి పిల్ల బీరువా ఖాళీగా ఉంది. బట్టలన్నీ మడతపెట్టి, పాత దుప్పట్లో మూట కట్టి, పెరటి తలుపు దగ్గర పెట్టింది. అక్కడికి తీసుకెళ్ళడానికి అప్పుడే సర్దేశావేమే అన్నాను.

"తగలబెట్టడానికమ్మా. తర్వాత నీకు పని తగ్గుతుందని" అంది. "యూనిఫాం ఒకటి ఉంచుకున్నాను."

ఆ మూట మీదే కూర్చుండిపోయాను. అత్తయ్య వంటింట్లోంచి వచ్చి, వద్దే, వద్దే అని సైగలు చేస్తూనే ఉంది. పిల్లని దగ్గరికి లాక్కుని చెప్పేశాను. మీ అమ్మ చావలేదు. టీబీ లేదు, ఏమీ లేదు. ఈ ఊళ్ళోనే కళ్ళజోళ్ళ కొట్లో ఉంది. మొన్న చూసొచ్చాను.

పిల్ల ముందడిగింది, "అంటే నేను చచ్చిపోనా?" అని.

చావవే, నిక్షేపంలా ఉంటావు అన్నాను. అది విని ఎంతసేపు ఏడ్చిందో. నా మెడ పట్టుకునే ఏడ్చింది. గట్టెక్కాననుకున్నాను, అంత పిచ్చిదాన్ని. ఏడుపు ఆగాక మెడ వదిలేసి, కొంచెం దూరంగా జరిగి అడిగింది.

"నీకెప్పట్నుంచి తెలుసు?"

అబద్ధం చెప్పడానికి ఇంకా చోటుంది. ఈ మధ్యే తెలిసిందంటే నమ్మేది. పెళ్ళికి ముందు నుంచీ తెలుసన్నాను.

లేచి గదిలోకి వెళ్ళి, గోడ మీద ఫోటో తీసుకొచ్చి అత్తయ్య ఒళ్ళో పెట్టింది. ఇది నీదే నానమ్మా, నువ్వే ఉంచుకో అంది.

19వ తేదీ, బుధవారం

నన్ను ఏమీ పిలవడం లేదు. మాట్లాడుతోంది. సబ్బు అయిపోయింది, తలుపేసుకోవాలి, రేపు నేనూ ఆస్పత్రికి వస్తాను. అన్నీ చెబుతోంది. మాట ముందూ లేదు, వెనకా లేదు. గోడకి చెప్పినట్టు చెబుతోంది. ఈ ఇంటికి నేనొచ్చిన రోజున ఎవరూ నేర్పకుండానే అమ్మా అని నా కొంగు పట్టుకున్న పిల్ల.

గ్లాసు మాత్రం తెచ్చి మా గ్లాసుల పక్కన పెట్టింది. అది చూసి సంతోషపడ్డాను. సంతోషపడాలి కదా.

20వ తేదీ, గురువారం

పది దాటింది, పదకొండు దాటింది. పిల్ల నాకూ తనకీ మధ్య ఒక కుర్చీ వదిలి కూర్చుంది. ఆమె రాదని తేలిపోయాక, ఇక లేచి ఆ కొట్టుకే వెళ్దామనుకున్నాను. వెళ్ళి ఆ లావాటాయనతో అనాల్సినవన్నీ మనసులో వరసగా పేర్చుకున్నాను. ఇవాళ నేనేమైనా చేసి ఉండేదాన్నే.

ఆమె వచ్చింది. వాళ్ళాయనే స్కూటరు మీద తీసుకొచ్చాడు. ఇద్దరి కళ్ళూ వాచి ఉన్నాయి. చెప్పేసిందని చూస్తేనే తెలుస్తోంది, ఇంకా మాటల్లేవని కూడా తెలుస్తోంది. ఆయన నేరుగా నా దగ్గరికొచ్చి కళ్ళజోడు పెట్టె చేతిలో పెట్టి, చెవుల దగ్గర వదులైతే చెప్పండి, బిగిస్తాను అని, బయటికి వెళ్ళి స్కూటరు దగ్గర నిలబడ్డాడు.

ఆమె పిల్ల ముందు నిలబడింది. బాగున్నావా అంది. పిల్ల లేచి నిలబడి, బాగున్నానండీ అంది. ఆమె చెయ్యి పిల్ల తల దాకా వచ్చి తిరిగి వెళ్ళిపోయింది.

నర్సు తలుపు తీసి, "పిల్ల తల్లి ఎవరండీ? ఎక్స్‌రేకి రావాలి" అంది. నేను సగం లేచాను. లేచినదాన్ని మళ్ళీ కూర్చున్నాను. ఆమె వెళ్ళింది.

25వ తేదీ, మంగళవారం

ఆమె ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. పిల్ల డబ్బాలు మూడూ శుభ్రం. మచ్చ పాతదే, పట్టించుకోనక్కర్లేదన్నాడు. రిపోర్టు కవరులో పెట్టి, సీలు వేసి, విప్పకూడదని చెప్పి ఇచ్చాడు. కొత్త కళ్ళజోడు పెట్టుకుని కవరు మీద పిల్ల పేరు చదువుకున్నాను.

అత్తయ్య పెట్టె మాకంటే ముందు సర్దేసుకుంది. మేం వెళ్ళగానే మా మరిది ఇంటికి వెళ్ళిపోతుందట. ఈ ఇంట్లో ఇక ఊపిరాడదట. పిల్ల ఆవిడతో అవసరానికి మించి మాట్లాడదు, కానీ నానమ్మా అని పిలుస్తుంది. నాకు ఆవిడంటే ఈర్ష్యగా ఉంది. ఇంత బతుకూ బతికి చివరికి ఆవిణ్ణి చూసి ఈర్ష్య.

8వ తేదీ, సోమవారం

రేపే ఇంటర్వ్యూ. విడాకుల తీర్పు తీసి పిల్ల కవరులోనే పెట్టాను, అన్నిటికంటే పైన. పిల్ల చదివింది. మొత్తం చదివి, జాగ్రత్తగా మళ్ళీ అక్కడే పెట్టింది.

నేనే కూర్చోబెట్టి చెప్పాను. లోపల నన్ను చూపించి ఈవిడెవరని అడుగుతారు, కాగితంలో ఏముందో అదే చెప్పు. ఆ మాటకీ ఈ మాటకీ తేడా వస్తే మళ్ళీ ఆపేస్తారు. తల ఊపింది. ఒకసారి చెప్పి చూపించమని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

9వ తేదీ, మంగళవారం

వీసా ఇచ్చారు. ఇద్దరికీ.

అద్దం వెనక ఆఫీసరు, పక్కన మన భాష తెలిసినావిడ. నా పెళ్ళి గురించి అడిగారు, ఆయన ఉద్యోగం గురించి అడిగారు. తర్వాత పిల్లని, మీతో వచ్చిందెవరు అని అడిగారు.

"పిన్ని. మా నాన్న రెండో భార్య" అంది. తడుముకోలేదు. "మా అమ్మ వేరే ఉంటుంది."

ఆఫీసరు కాగితం చూసుకుని, సరిపోయిందన్నట్టు టిక్కు పెట్టుకున్నాడు. ఇన్ని వారాలుగా నేను ఏ దేవుడికి మొక్కినా మొక్కింది ఆ టిక్కు కోసమే. అది పడుతుంటే చూస్తూ నిలబడ్డాను. నవ్వుతూ నిలబడ్డాను, ఏడిస్తే అనుమానిస్తారని.

బస్సులో బాగా చెప్పావన్నాను. కిటికీలోంచి బయటికి చూస్తూ ఊఁ అంది.

ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, "పిన్నీ, ఆకలేస్తోంది" అంది.

అత్తయ్య చేతిలో పని ఆపి నా మొహంలోకి చూసింది. ఇక్కడ ఆఫీసరు లేడు, అద్దం లేదు, ఎవరూ అడగలేదు. ఇన్నాళ్ళకి పిల్ల నన్నో మాట పెట్టి పిలిచింది, వెనక్కి తిరిగి నా కోసమే చూస్తూ పిలిచింది. వస్తున్నా అన్నాను. అన్నం పెట్టాను. తింటూ ఇంకో రెండుసార్లు పిలిచింది, కూరకోసారి, మంచినీళ్ళకోసారి. రెండుసార్లూ పలికాను.